కారణాంకాలు దొరక్కుండా సంఖ్య తెలిసినట్టేనా?

67 రెళ్లను గుణించి ఒకటి తీసేస్తే 147573952589676412927 వస్తుంది. అది ప్రధాన సంఖ్య అని 1644లో మెర్సెన్ అనే గణితజ్ఞుడు రాశాడు. కాదని 1876లో లూకా తేల్చాడు, కానీ ఒక్క కారణాంకమూ చూపలేదు. వాటిని 1903లో కోల్ పట్టుకున్నాడు. మధ్యలోని ఆ 27 ఏళ్ల మీదే ఈ ఇద్దరు లెక్కల టీచర్ల వాదన.

మేడమ్: సంయుక్త సంఖ్య అంటే రెండు చిన్న సంఖ్యల లబ్ధం. ఆ రెండూ చూపించకుండా ఉన్నాయంటే ఎలా మాస్టారూ?

మాస్టారు: నిరూపణ ఉంది కదండీ. ఇలాంటి సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చే లూకా పరీక్షకు తర్వాత లెమర్ అనే గణితజ్ఞుడు ఇచ్చిన తేలిక రూపం చూడండి. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, మన సంఖ్యతో భాగించి, శేషంతో మళ్లీ అదే పని. 5 రెళ్ల లబ్ధంలో ఒకటి తీస్తే 31. దానికి 4 తర్వాత 14 వస్తుంది. తర్వాత 194, అంటే శేషం 8. ఆపైన 62, శేషం సున్నా. మూడు అడుగుల్లో సున్నా వచ్చింది, 31 ప్రధానమే. ఘాతం 67 అయితే 65 అడుగులు వేయాలి. చివర సున్నా రాకపోతే ప్రధానం కాదు.

మేడమ్: అక్కడే నా అనుమానం! చేత్తో అంత పెద్ద వర్గాలు కడుతూ ఎక్కడో ఒక అంకె తప్పితే? అప్పుడూ చివర సున్నా రాదు. ఒప్పు లెక్కా, తప్పు లెక్కా ఒకే జవాబు చెబుతున్నాయి. కోల్ ఇచ్చింది అలాంటిది కాదు. 193707721ని 761838257287తో గుణించి చూసుకోండి. ఓపికున్న హైస్కూల్ పిల్లలు కూడా సరిచూడగలరు.

మాస్టారు: సరిచూడటం తేలికన్నది నిజమే, కాదనను. కానీ లెక్కలో పొరపాటు జరగొచ్చు కాబట్టి సిద్ధాంతమే చాలదంటే ఒప్పుకోను. ఈ సంఖ్య కారణాంకం ఏదైనా సరే, 67కు రెట్టింపైన 134 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే అయి ఉండాలి. కోల్ చూపిన 193707721లో ఒకటి తీసి 134తో భాగించండి, సరిగ్గా 1445580. కారణాంకం కంటపడకముందే దాని రూపురేఖలు చెప్పగలిగాం.

మేడమ్: రూపురేఖలు తెలిసినంత మాత్రాన మనిషి దొరికినట్టా?

మాస్టారు: మరి ఎఫ్20 అనే ఫెర్మా సంఖ్య సంగతి? 10,48,576 రెళ్లను గుణించి ఒకటి కలిపితే వచ్చేది. 3,15,653 అంకెలు. సంయుక్తమని 1988లో తేలింది, కారణాంకం ఒక్కటీ తెలియదు. దాని గురించి మనకేమీ తెలియదంటారా?

మేడమ్: ప్రధానం కాదని తెలుసు. అంతవరకే. కారణాంకాలు అంత తేలిగ్గా దొరికేవైతే ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి ఒక్క రోజు కూడా నిలవదు. రెండు పెద్ద ప్రధానాలను గుణించడం క్షణాల పని, లబ్ధంలోంచి వాటిని బయటికి లాగడమే కష్టం. అసలు విషయం ఆ రెండింటిలోనే ఉందనడానికి ఇంకేం కావాలి?

మాస్టారు: ఆర్‌ఎస్‌ఏ నా వైపు సాక్షి అండీ. ఆ పెద్ద ప్రధానాలను ఎంచేటప్పుడు చిన్న చిన్న ప్రధానాలతో భాగించి చూస్తారేమో గానీ, అంతకు మించి ఎవరూ కారణాంకాలు వెతకరు. శేషాల పరీక్షలే పెడతారు.