ఆఖరి విజిల్ మోగాకే ఓటు

2006 జులై 9న బెర్లిన్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్. 110వ నిమిషంలో ఫ్రాన్స్ కెప్టెన్ జినెదిన్ జిదాన్ ఇటలీ డిఫెండర్ మాతెరాజ్జీ ఛాతీపై తలతో కుమ్మి రెడ్‌కార్డుతో మైదానం వీడాడు. పెనాల్టీ షూటౌట్‌లో ఫ్రాన్స్ 5-3తో ఓడింది. మర్నాడు టోర్నీ ఉత్తమ ఆటగాడిగా, అంటే గోల్డెన్ బాల్ విజేతగా, ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా ప్రకటించింది జిదాన్‌నే. విలేకరుల ఓటింగ్‌లో జిదాన్‌కు 2012 పాయింట్లు, ఇటలీ కెప్టెన్ ఫాబియో కన్నవారోకు 1977. తేడా 35 మాత్రమే. ఓట్లలో చాలావరకు మ్యాచ్ పూర్తికాకముందే పడిపోయాయి.

జిదాన్ ప్రతిభను తక్కువ చేయలేం. బ్రెజిల్‌తో క్వార్టర్ ఫైనల్లో అతను చూపిన ఆటను మించినది ఆ టోర్నీలో లేదంటే ఒప్పుకుంటాం. కానీ గ్రూప్ దశలో రెండు పసుపు కార్డుల వల్ల టోగోతో మ్యాచ్‌కు అతను దూరమయ్యాడు. కన్నవారో మాత్రం జట్టు ఆడిన 690 నిమిషాలూ మైదానంలోనే ఉన్నాడు. ఏడు మ్యాచ్‌ల్లో ఇటలీ వలలో పడిన బంతులు రెండే: ఒకటి ఇటలీ ఆటగాడే పొరపాటున కొట్టుకున్న సొంత గోల్, రెండోది ఫైనల్లో జిదాన్ కొట్టిన పెనాల్టీ. 120 నిమిషాలూ షూటౌటూ చూశాక ఓటేయమని ఉంటే 35 పాయింట్లు అటు నుంచి ఇటు మారేవనే మా నమ్మకం.

అంతకు నాలుగేళ్ల ముందూ ఇదే జరిగింది. 2002లో ఫైనల్ దాకా ఒకే గోల్ ఇచ్చిన జర్మనీ గోల్‌కీపర్ ఒలివర్ కాన్, యొకొహామాలో 67వ నిమిషంలో బ్రెజిల్ ఆటగాడు రివాల్డో షాట్‌ను చేతుల్లోంచి జార్చాడు. అతని సహచరుడు రొనాల్డో దాన్ని వలలోకి నెట్టాడు, మరో 12 నిమిషాలకు రెండో గోల్ కొట్టాడు. ఎనిమిది గోల్స్‌తో కప్పు గెలిపించిన రొనాల్డోకు రెండో స్థానపు వెండి బంతి, కాన్‌కు బంగారు బంతి (గోల్డెన్ బాల్) దక్కాయి. ఫైనల్‌కు ముందు రోజు వరకు కాన్‌ను మించినవాడు లేడు. ఓట్లు ఆ రోజుకే సరిపోయాయి.

ఉత్తమ ఆటగాడు విజేత జట్టులోనే ఉండాలని మేం అనడం లేదు. 1982 నుంచి 2022 వరకు ఇచ్చిన 11 గోల్డెన్ బాల్స్‌లో కప్పు గెలిచినవారికి వెళ్లినవి నాలుగే: రోసీ, మరడోనా, రొమారియో, 2022లో మెస్సీ. మిగతా ఏడింటిలో తగిన ఎంపికలూ ఉన్నాయి. 2010లో నాలుగో స్థానంలో నిలిచిన ఉరుగ్వేకు ఫోర్లాన్ ఐదు గోల్స్ కొట్టడమే కాదు, దాడిని వెనక నుంచి అల్లుకొచ్చాడు కూడా. 2018లో క్రొయేషియా వరుసగా మూడు నాకౌట్ మ్యాచ్‌లు అదనపు సమయం దాకా ఆడినా మోడ్రిచ్ పాసుల్లో పదును తగ్గలేదు. ఓడినా వాళ్లు దానికి అర్హులే.

ఆ 11 పేర్లలో డిఫెండర్ ఒక్కడూ లేడు, గోల్‌కీపర్ కాన్ ఒక్కడే. ఇదే మమ్మల్ని ఎక్కువగా బాధించే విషయం. కెమెరా బంతి వెంట పరుగెడుతుంది. డిఫెండర్ పనితనం బంతి లేనిచోట ఉంటుంది. సరైన చోట నిలబడి ప్రత్యర్థి పాసు దారిని మూసేస్తే ఆ పాసే రాదు, రాని పాసును రీప్లేలో చూపించేవాళ్లుండరు. అందుకే ఓటరు చేతికి గోల్స్ పట్టికే మిగులుతుంది. ఎక్కువ గోల్స్ కొట్టినవారికి గోల్డెన్ బూట్ వేరే ఉంది కదా!

యూరో కప్‌లో పద్ధతి వేరు. అక్కడ యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా సాంకేతిక పరిశీలకుల బృందం ఎంపిక చేస్తుంది. 1996లో వెనక వరుస నుంచి ఆడిన జామర్, 2020 టోర్నీకి గోల్‌కీపర్ డొనరుమ్మా, 2024లో రోద్రి ఎంపికయ్యారు. రోద్రి గాయంతో ఫైనల్ రెండో సగం ఆడలేదు. అయినా అవార్డు అతనికే వచ్చిందంటే బృందం టోర్నీ మొత్తాన్నీ తూచిందన్నమాట. అయితే నిపుణులుంటే చాలదు. 2014 ప్రపంచకప్‌లో ఫిఫా సాంకేతిక బృందమే మెస్సీని ఎంచింది. అతని నాలుగు గోల్సూ గ్రూప్ దశలోవే. ఏ కొలమానంతో ఎంచారో వివరంగా చెప్పి ఉంటే ఆ ఎంపికపై అంత దుమారం రేగేది కాదు.

ఇక చేయాల్సింది. షూటౌట్‌తో సహా ఫైనల్ ముగిశాకే ఓటింగ్ తెరవాలి, 12 గంటల తర్వాత మూయాలి. విలేకరి ముందు తన కథనం పంపుకోవాలి కాబట్టి అంత వ్యవధి అవసరం. ఒక్కొక్కరు మూడు పేర్లు రాయాలి, వరుసగా 5, 3, 1 పాయింట్లు. తుది జాబితాలో ప్రతి పేరు పక్కన ఆడిన నిమిషాలు, అడ్డుకున్న పాసులు, బంతి కోసం గెలిచిన పోరాటాలు, కార్డులు ఉండాలి. కప్పు ఇచ్చే వేదికపైనే ఈ అవార్డూ ఇవ్వాలన్న పట్టుదల వదలాలి. అంత తొందరలో పేరు తేలాలంటే ఆట సాగుతుండగానే ఓటు ముగించాల్సి వస్తుంది. ఎవరు ఎవరికి ఓటేశారో పేర్లతో ప్రచురించాలి. ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ అవార్డు విషయంలో ఫ్రాన్స్ ఫుట్‌బాల్ పత్రిక ఆ పని చేస్తూనే ఉంది, ఫిఫాకు అది అసాధ్యమేమీ కాదు.