ఊరందరి ఫోను నంబరైన మీకు

మహారాజశ్రీ 2147483647 గారికి,

పర్లాకిమిడి నుంచి నమస్కరించి రాయునది. నిన్న మధ్యాహ్నం తమ దర్శనభాగ్యం కలిగింది. అమ్మ పింఛను కోసం కౌంటరు ముందు మూడు గంటలు నిలబడ్డాం. (భోజన విరామం, సర్వర్ విరామం, పాన్ విరామం: వాటికి వేరే ఉత్తరం రాస్తాను.) ఓటీపీ పంపామన్నారు, రాలేదు. మళ్లీ పంపారు, మళ్లీ రాలేదు. చివరికి గుమస్తా తెరను నా వైపు తిప్పాడు. అమ్మ ఫోను నంబరు ఉండాల్సిన చోట తమరు కూర్చుని ఉన్నారు. మా వెనక ముసలాయన వివరాల్లోనూ తమరే. ఆయన వెనక నిండు గర్భిణి వివరాల్లోనూ తమరే.

తమ వంశం గొప్పదే, కాదనను. ముప్పై ఒక్క రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే తమరు. 1772లో, చూపు దాదాపు పోయిన గణితవేత్త ఆయిలర్, 248తో భాగిస్తే 1 గానీ 63 గానీ మిగిలే ప్రధాన సంఖ్యలను మాత్రమే ఏరి, 46 వేలు దాటేదాకా పరీక్షించి, తమను ఎవరూ భాగించలేరని తేల్చాడు. తమ నుంచి పుట్టే పరిపూర్ణ సంఖ్యను (తనను మినహాయించి తన భాజకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చే సంఖ్య) మించినది బహుశా ఇక దొరకదని 1811లో పీటర్ బార్లో అనే గణితవేత్త రాశాడు. అలాంటి సంఖ్యలు వింతలే తప్ప ఉపయోగం లేనివి, కాబట్టి ఎవరూ వెతకరట. దొరకదన్న మాట తప్పింది. ఉపయోగం సంగతి మా కౌంటరు దగ్గరికొచ్చి చూడండి.

ఎవరో మహానుభావుడు ఫోను నంబరును కంప్యూటర్లో 32 బిట్ల (అంటే 32 సున్నా-ఒకట్ల) గదిలో పెట్టాడు. ధన, రుణ గుర్తుకు ఒక బిట్టు పోతే ఆ గదిలో పట్టే అతి పెద్ద సంఖ్య తమరే. మా మొబైల్ నంబర్లన్నీ 6, 7, 8, 9లతో మొదలయ్యే పది అంకెలు. ఒక్కటైనా తమకన్నా చిన్నది కాదు. కుంచంలో పుట్టెడు ధాన్యం పోసి, అంచు దాకా గీసి, అందరికీ పండింది కుంచెడేనని రాసుకున్నట్టుంది! ఎవరికీ భాగం కాని నిన్ను ఊరందరికీ పంచిపెట్టారు. ఒక్క ముక్క అడ్డు చెప్పావా? మా అమ్మ నంబరు మింగి, ఏమీ ఎరగనట్టు తెర మీద మెరుస్తావా?

కాలాన్ని 1970 మొదలు సెకన్లలో లెక్కపెట్టి, ఇలాంటి గదిలోనే దాచుకునే పాత కంప్యూటర్లు 2038 జనవరి 19న, మన ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నీ దాకా వచ్చి, మరుసటి సెకనులో 1901 డిసెంబరులో పడతాయి. పడనీ. అప్పుడు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గిడుగు రామమూర్తి గారు ఇక్కడే పాఠాలు చెప్పేవారు. ఓటీపీ అడిగే నాథుడు లేడు.

ఈలోగా ఒక పని ఉంది. ఈ నంబరు మా అమ్మది కాదని స్టాంపు కాగితం మీద రాసివ్వాలట. కింద, సదరు నంబరు గలవారి సంతకం కూడా కావాలట. రేపు పదింటికి కౌంటరు తెరుస్తారు. వచ్చి సంతకం పెట్టిపో.