ఐదు స్టార్ల పొగ

మా హన్మకొండ కాలనీలో ఒక పాత ఫ్రిజ్‌కు ప్రమోషన్ వచ్చింది. ఇన్నాళ్లూ పాలు, పెరుగు కాపలా కాసిన ఆ సామాను ఇప్పుడు కోడికి పొగబెట్టే యంత్రమైంది. ఇకమీదట ఈ ఊరికి వేయిస్తంభాల గుడి ఒక్కటే దిక్కు కాదు.

ఆవిష్కర్త మా ఎదురింటి తమ్ముడే. ఎండాకాలంలో ఫ్రిజ్ చల్లబడడం మానేసినప్పుడు మెకానిక్‌ను పిలవమని ఇంటావిడ ఎంత మొత్తుకున్నా పైసల్లేవన్నాడు. అదే ఫ్రిజ్‌కు మోటారు, ఫ్యాను, డిజిటల్ కంట్రోలర్ కొనేటప్పుడు మాత్రం పైసలు వాటంతట అవే వచ్చాయి. విజ్ఞానం కోసం కుటుంబాలు ఆ మాత్రం త్యాగం చేయాలి మరి.

ఈ విద్య అమెరికాది. ఒరెగాన్‌లో జో ట్రేగర్ అనే ఆయన చెక్క గుళికలతో మండే మాంసం పొయ్యి చేసి 1980లలో పేటెంట్ పొందాడు. తొట్టిలో గుళికలు పోస్తే మర తిరుగుతూ కొద్దికొద్దిగా నిప్పులోకి తోస్తుంది, ఫ్యాను గాలి కొడుతుంది, 110 డిగ్రీల దగ్గర మాంసం గంటల తరబడి పొగలో మగ్గుతుంది. పాత ఫ్రిజ్‌తో చేసుకునే తెలివైనవాళ్లు లోపల రేకు ఉన్నదాన్ని వెతికి పట్టుకుంటారు. మనవాడి ఫ్రిజ్ లోపలంతా ప్లాస్టిక్. దాని వెనక ఫోమ్.

ఆదివారం ప్రారంభోత్సవం. ఫ్రిజ్‌కు పసుపు కుంకుమ, తలుపు మీద కరెంటు ఆదా చేస్తానని చెప్పే ఐదు స్టార్ల స్టిక్కర్. కొబ్బరికాయ కొట్టారు. కోడిగుడ్ల అర ఉండాల్సిన చోట కోడే వేలాడింది. వరస కొంచెం తలకిందులైంది గానీ న్యాయమే. కూరగాయల డబ్బాను బూడిద పట్టడానికి పెట్టాడు, అదీ ప్లాస్టిక్‌దే. ఏదో ఫ్యాక్టరీ బాయిలర్ కోసం తయారైన పత్తికట్టె గుళికలు బస్తాడు తెచ్చి తొట్టిలో పోశాడు. తలుపు తీస్తే లైటు వెలిగింది. వైరు తీసి మళ్లీ కలిపాడట, అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంతలో కరెంటు పోయింది. మర ఆగింది, ఫ్యాను ఆగింది, నిప్పు మాత్రం ఆగలేదు. దారి దొరికిన వైపు, అంటే తొట్టి వైపు, వెనక్కి పాకింది. తలుపు రబ్బరు సాగి జీడిపాకమైంది. కూరగాయల డబ్బా నడుం వంచి కూర్చుంది. "ఏం కాదన్నా, జర ఆగుండ్రి, పొగ సెట్ అయితాంది" అన్నాడు శాస్త్రవేత్త, దగ్గుతూ. గోడ అవతలి నుంచి ముసలమ్మ ఒకామె "గింత పొగకు గంత కథనా బిడ్డా? మేం మాంసం కోసి వట్టి తునకలు పొయ్యి మీద దండేనికేస్తే అయిపోతుండె" అంది. ఆమెకు పేటెంట్ లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడిదాకా నవ్వాను. తర్వాత మొదటి ముక్కలు పిల్లలకు పెట్టారు.

ఒరేయ్, ఆ ప్లాస్టిక్ వంద డిగ్రీలకు అటూఇటూగా మెత్తబడుతుంది! దాని వెనకున్న ఫోమ్ అంటుకుంటే వచ్చే పొగలో సైనైడ్ విషం ఉంటుంది. బాయిలర్ గుళికలు చేసినవాడు ఎవరైనా వాటితో కూర వండుకుంటారని కలగన్నాడా? ఆ పత్తి మీద ఏ మందు ఎన్నిసార్లు కొట్టారో నీకు తెలుసా? నీ ఒళ్లు నీ ఇష్టం, పో. పక్కింటి ఐదేళ్ల పిల్ల నోట్లో నల్లటి ముక్క పెట్టి "ఎట్లుంది బంగారం?" అని ఫోన్‌తో వీడియో తీస్తావా? ఆ పిల్ల ఉమ్మేసింది. అక్కడున్న పెద్దల్లో బుద్ధి ఉన్నది దానికొక్కదానికే.

గట్టిగా అడిగితే తమ్ముడికి కోపం వచ్చింది. తెలంగాణలో టాలెంట్‌ను గుర్తించేవాళ్లు లేరట. ఇంట్లో పాలు ఇప్పటికీ పూటపూటకూ విరిగిపోతున్నాయి. కొత్త ఫ్రిజ్ సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నాడట. నిన్న సాయంత్రం మా ఇంటికొచ్చి, మా డబుల్ డోర్‌ను అన్ని వైపులా తడిమి చూసి, మర్యాదగానే అడిగాడు:

"ఇదెప్పుడు ఖరాబైతదన్నా?"