యోషిదా ఒంటిచేత్తో జపాన్‌ను నిలబెట్టలేదు

యుద్ధంలో బూడిదైన జపాన్‌ను ప్రధాని యోషిదా షిగేరు ఒక్కడే, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా, సైన్యమే వద్దని, సమ్మెలు లేకుండా పదేళ్లలో అగ్రరాజ్యంగా మార్చారని ఒక సందేశం వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. యోషిదా సామాన్యుడేమీ కాదు. అయినా ఇందులో ఏ ముక్కా నిలబడదు.

ముందు చెయ్యి చాచడం సంగతి. 1946 మే 19న టోక్యో రాజప్రాసాదం ఎదుట లక్షల జనం తిండి కోసం గుమిగూడారు. మూడు రోజుల తరువాత యోషిదా ప్రధాని అయ్యారు. ఆ ఆకలి తీర్చడానికి అమెరికా ధాన్యం కావలసి వచ్చింది. 1951 దాకా అక్కడి నుంచి అందిన సాయం సుమారు 180 కోట్ల డాలర్లు.

సమ్మెలు లేవట! 1947 కొత్త సంవత్సరం నాడు రేడియోలో కార్మిక నాయకులను అరాచక మూక అని తిట్టి అగ్గి రాజేసింది ఆయనే. ఫిబ్రవరి 1 సార్వత్రిక సమ్మెను ఆపింది మాత్రం ఓడిన జపాన్‌ను అప్పుడు ఏలుతున్న అమెరికా సేనాని మెకార్థర్ ఉత్తర్వు. ఆ ఏప్రిల్ ఎన్నికల్లో సోషలిస్టులు ముందుకొచ్చారు, యోషిదా గద్దె దిగారు. యోషిదా హయాంలో మొదలైన, బొగ్గు, ఉక్కులకు పెద్దపీట వేసే పథకాన్ని తరువాత వచ్చిన సోషలిస్టు ప్రధాని కతయామా కొనసాగించారు.

ఇక ఆర్థికం. 1948లో యోషిదా మళ్లీ ప్రధాని అయ్యారు. 1949లో అమెరికా పంపిన డెట్రాయిట్ బ్యాంకరు జోసెఫ్ డాడ్జ్ వచ్చి బడ్జెట్‌కు కత్తెర వేశారు. డాలరుకు 360 యెన్లని ఖాయమైంది. ధరలు దిగాయి, వాటితో పాటే ఉద్యోగాలూ పోయాయి. 1950 జూన్‌లో టొయోటా దివాలా అంచున ఉంది. కార్మికులను తీసేయక తప్పని స్థితిలో సంస్థ అధ్యక్షుడు కీచిరో టొయోడా రాజీనామా చేశారు. అదే నెల 25న కొరియాలో యుద్ధం మొదలైంది, అమెరికా సైన్యం ట్రక్కులకు ఆర్డర్లిచ్చింది. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు దొరికినట్లయింది జపాన్ పరిశ్రమకు. ఇందులో యోషిదా గొప్పతనం ఎక్కడుంది?

ఉన్నది సైన్యం విషయంలో. సైన్యం వద్దన్న జపాన్ రాజ్యాంగం 9వ అధికరణం ఆయన ఆలోచన కాదు. ఆయన ప్రధాని కాకముందే మెకార్థర్ కార్యాలయం రాసిన ముసాయిదాలో ఉంది. 1950లో 75,000 మంది పోలీసు రిజర్వు దళం పుట్టిందీ మెకార్థర్ ఆదేశంతోనే. 1951లో అమెరికా దూత డలెస్ వచ్చి భారీగా సాయుధం కమ్మన్నప్పుడు మాత్రం యోషిదా మొండికేశారు: ఖజానా మోయలేదు, జనం ఒప్పుకోరు, ఇరుగుపొరుగు దేశాలు బెదురుతాయి. లోపాయికారీగా 50,000 మంది దళానికి మాట ఇచ్చారు. అసలు ఎగవేసి కొసరు చేతిలో పెట్టడమన్నమాట! పాత దౌత్యవేత్త కదా. ఆత్మరక్షణ దళాలు 1954లో ఆయన హయాంలోనే ఏర్పడ్డాయి.

పదేళ్లలో అగ్రరాజ్యం మాట వదిలేయండి. ఆదాయాన్ని రెట్టింపు చేసే పథకం 1960 నాటిది, అది ఆయన శిష్యుడు ఇకెదా పని.

నిజంగా ఆయన ఒక్కడే చేసిన పని ఒకటుంది. 1951 సెప్టెంబరు 8న శాన్‌ఫ్రాన్సిస్కోలో శాంతి ఒప్పందంపై జపాన్ తరఫున ఆరుగురు సంతకం చేశారు. అదేరోజు అమెరికా స్థావరాలను అనుమతించిన భద్రతా ఒప్పందంపై ఉన్నది ఒక్క యోషిదా సంతకమే. ఈ ఏర్పాటు నచ్చక భారత్ ఆ సమావేశానికి వెళ్లలేదు. మరుసటి ఏడు విడిగా సంధి చేసుకుని యుద్ధ పరిహారం వదులుకుంది. జపాన్ దీవి ఒకినావా మాత్రం 1972 మే 15 దాకా అమెరికా పాలనలోనే ఉంది.