మన మెయిల్ సర్వర్‌ను రేపు ఎవరు చూసుకుంటారు?

హన్మకొండలోని ఒక ప్రైవేటు కళాశాల పరీక్షల ముందు హాల్ టికెట్లను సొంత సర్వర్ నుంచి విద్యార్థులకు మెయిల్ చేసింది. సర్వర్ లాగ్‌లో ప్రతి మెయిల్ వెళ్లినట్టే నమోదైంది కానీ, చాలామందికి అది స్పామ్‌లో పడింది. ఆ సర్వర్‌లో మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్ ఎగ్జిమ్‌ను తీసేసి, అదే పని చేసే పోస్ట్‌ఫిక్స్ పెడదామా అని అక్కడివారు నన్ను అడిగారు. మార్చినా ప్రయోజనం ఉండదని చెప్పాను. ఎందుకంటే ఆ సర్వర్ ఐపీ చిరునామాకు రివర్స్ డీఎన్ఎస్ (ఆ చిరునామా ఏ పేరుదో చెప్పే నమోదు) లేదు, వెళ్లే మెయిళ్లకు అవి ఆ డొమైన్ నుంచే వచ్చాయని రుజువు చేసే డీకిమ్ అనే డిజిటల్ సంతకమూ లేదు.

అవతలి సర్వర్ ‘250’ అని జవాబిస్తే మెయిల్‌ను స్వీకరించిందని మాత్రమే అర్థం. దాన్ని ఇన్‌బాక్స్‌లో వేయాలా, స్పామ్‌లో వేయాలా అన్నది ఆ తర్వాత అదే తేల్చుకుంటుంది. జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవారికి ఎస్‌పీఎఫ్ (డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే జాబితా), డీకిమ్, డీమార్క్ (ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే నియమం) మూడూ తప్పనిసరి చేశాయి. రోజుకు 5,000కు పైగా పంపేవారిని జీమెయిల్ ఈ కోవలోకి తెస్తుంది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదంటుంది. ఈ షరతులను ఏ సాఫ్ట్‌వేర్‌తోనైనా తీర్చవచ్చు.

అలాగని ఎంపిక అనవసరమని కాదు. 1988లో ఇంటర్నెట్‌లో తనంతట తానే పాకిన హానికర ప్రోగ్రామ్ మోరిస్ వర్మ్ వ్యాపించిన దారుల్లో, సెండ్‌మెయిల్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లోని డీబగ్ (లోపాలు వెతికే) సదుపాయం ఒకటి. ఒకే పెద్ద ప్రోగ్రామ్ చేతిలో సర్వాధికారాలూ ఉంటే ఏమవుతుందో గ్రహించిన వియెట్సే వెనెమా, ఐబీఎంలో ఉండగా రూపొందించి 1998లో విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్‌లో పనిని చిన్న చిన్న ప్రక్రియలుగా విడదీసి, దేనికి ఎంత అధికారం అవసరమో అంతే ఇచ్చారు. 1995లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ హేజెల్ రాసిన ఎగ్జిమ్ ఎలా కావాలంటే అలా మలచుకోగలిగినది. అనేక డొమైన్లు నడిపే హోస్టింగ్ సంస్థలకు అది నిజంగా అక్కరకొస్తుంది. అయితే 2019లో దానిలో బయటపడిన లోపం వల్ల, అప్‌డేట్ చేయని సర్వర్లలో బయటివారు రూట్ అధికారంతో, అంటే సర్వర్‌పై పూర్తి అధికారంతో, ఆదేశాలు నడపగలిగే పరిస్థితి వచ్చింది. అందుకే కొత్తగా మొదలుపెట్టే కళాశాలకో, సహకార సంఘానికో, ఏనుమాముల మార్కెట్‌లోని వ్యాపార సంస్థకో నేను పోస్ట్‌ఫిక్స్‌నే సూచిస్తాను. అవతలి సర్వర్ తాత్కాలికంగా నిరాకరించిన మెయిల్‌ను అది మామూలుగా 5 రోజుల వరకు క్యూలో ఉంచి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. క్యూలో ఏది ఎందుకు ఆగిందో ఒక్క ఆదేశంతో చూపుతుంది.

మెయిల్‌బాక్సుల సంగతి వేరు. వాటిని జోహో వంటి సేవకు అప్పగించి, పంపే పని ఒక్కటే సొంతంగా ఉంచుకోవడం చిన్న సంస్థలకు మేలు.

వరంగల్‌లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మనుషుల కొరత. కాకతీయ విశ్వవిద్యాలయంలోనో, నిట్‌లోనో చదివిన యువకుడు ఎంతో శ్రద్ధగా సర్వర్ నిలబెడతాడు. ఏడాది తిరగకముందే హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తుంది, ఆ కాన్ఫిగరేషన్ ఎవరికీ అంతుపట్టకుండా మిగులుతుంది. మడికొండలో ఐటీ పార్కు వచ్చినా, చిన్న సంస్థలకు ఈ కష్టం తీరలేదు. కనుక తర్వాత వచ్చేవారు లాగ్ చదివి అర్థం చేసుకోగలరా అన్నదే నా మొదటి ప్రశ్న.

ఆ కళాశాల ల్యాబ్ అసిస్టెంట్‌కు ఎగ్జిమ్ బాగా తెలుసు, అప్‌డేట్లు కూడా వదలకుండా వేస్తారు. అందుకే దాన్నే ఉంచమన్నాను. ఇంటర్నెట్ సంస్థను అడిగి రివర్స్ డీఎన్ఎస్ పెట్టించారు, డీకిమ్ అమర్చారు, డీమార్క్‌ను ముందు మెయిళ్లను ఆపకుండా నివేదికలు మాత్రమే తెప్పించే పరిశీలన స్థాయిలోనే ఉంచారు. ఆ నివేదికలను ఇప్పుడు ఆయనే చదువుతున్నారు. ఏ సెట్టింగ్ ఎందుకు పెట్టారో ఒక నోటు పుస్తకంలో తెలుగులో రాసిపెడుతున్నారు.