మళ్లీ అదే గ్రాఫ్, మళ్లీ అవే చప్పట్లు

పొద్దున్న లేచి ఫోన్ తెరవగానే మళ్లీ అదే గ్రాఫ్. అడ్డంగా దేశాల ఇంగ్లీషు స్కోరు, నిలువుగా తలసరి ఆదాయం, మధ్యలో పైకి ఎగబాకే గీత. ఇంగ్లీషు వస్తే దేశం బాగుపడుతుందట. కింద చప్పట్లే చప్పట్లు.

ఆ స్కోర్లు కట్టి దేశాలకు ర్యాంకులు 2011 నుంచి ఇస్తున్న ఈఎఫ్ సంస్థ ఇంగ్లీషు కోర్సులు అమ్ముకునేదని ఒక్కరూ చెప్పరేం? తమంతట తాము ఆన్‌లైన్‌లో పరీక్ష రాసినవాళ్ల మార్కులే దేశం మార్కులు. నెట్టూ తీరికా లేనివాళ్లు దేశంలో లేనట్టే! చాలా ఏళ్లు చదవడం, వినడం తప్ప నోరు విప్పించింది కూడా లేదు. పోనీ, అదే నిజమనుకుందాం. 2024 జాబితాలో ఫిలిప్పీన్స్ 22, జపాన్ 92. ఈ లెక్కన మనీలా జీతాలు చూసి టోక్యో ఏడవాలి. పాపం జపాన్‌వాళ్లు, ఇంగ్లీషు రాక కార్లు అమ్ముకోలేక ఎంత అవస్థ పడుతున్నారో!

కాల్ సెంటర్ల సంగతి వేరు, అక్కడ అమ్మేదే భాష. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ ముందున్న మనిషికి ఇంగ్లీషెందుకు? కావలసింది విదేశీ బయ్యర్‌కీ ఫ్యాక్టరీకీ మధ్య ఆర్డరు నడిపించే మర్చండైజర్‌కి. డిజైనూ కొలతలూ రాసి ఉండే టెక్ ప్యాక్ చదవాలి, కొలతల్లో ఎంత తేడా చెల్లుతుందో గుడ్డ కత్తిరించకముందే బయ్యర్‌తో మెయిల్లో తేల్చుకోవాలి. అక్కడ ఒక్క వాక్యం అటూ ఇటూ అయితే సరుకంతా వెనక్కొస్తుంది. ఆ ఒక్క వాక్యం రాయడం ఏ బడిలో నేర్పుతున్నారు?

బడి అంటే గుర్తొచ్చింది. సున్నా నుంచి బీ2 స్థాయికి, అంటే తడబడకుండా పని నడుపుకునే ఇంగ్లీషుకి, రావడానికి క్లాసులో 500–600 గంటలు పడుతుందని ఇంగ్లీషు పరీక్షలు పెట్టే కేంబ్రిడ్జ్ అంచనా. 40 నిమిషాల పీరియడ్‌ని 50 మందికి పంచండి. ఒక్కొక్కరికి 48 సెకన్లు, అదీ టీచరు నోరు మెదపకుండా కూర్చుంటే.

అందుకని మన మేధావుల మందేమిటి? అన్ని పాఠాలూ ఇంగ్లీషులోనే చెప్పేయండి! రువాండా 2008లో అదే నిర్ణయించింది. నిన్నటిదాకా ఫ్రెంచిలో చెప్పిన టీచర్లు తెల్లారేసరికి ఇంగ్లీషులో లెక్కలు చెప్పాలి. 2011లో చిన్న తరగతులకు మళ్లీ వాళ్ల సొంత భాష కిన్యార్వాండా, 2019లో మళ్లీ ఇంగ్లీషే. మలేషియా 2003లో సైన్సు, లెక్కలు ఇంగ్లీషులోకి మార్చి, 2009లో వద్దనుకుంది. టీచరుకే రాని భాషలో భిన్నాలు చెబితే పిల్లలకి భిన్నాలూ రావు, భాషా రాదు. వచ్చేది బట్టీ ఒక్కటే.

ఆ బట్టీనే పెద్దయ్యాక, విదేశీ చదువులకీ వీసాలకీ రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో పనికొస్తుంది లెండి. 40 నిమిషాల్లో 250 మాటల వ్యాసం. ఏ ప్రశ్నకైనా అతికే మూస వాక్యాలు కోచింగ్‌లో ముందే అమ్ముతారు. ఇంత కష్టపడి తెచ్చుకున్న స్కోరు చాలాచోట్ల రెండేళ్లకే చెల్లదు. వచ్చిన భాష రెండేళ్లకి విరిగిపోవడానికి అదేమన్నా పాలా? మళ్లీ ఫీజు, మళ్లీ అదే వ్యాసం. ఈ ఫీజులన్నీ కలిపి ఓ గ్రాఫ్ గీయండయ్యా, ఎవరి ఆదాయం పెరుగుతోందో చూద్దాం.