ఆయిల్ చలికి ముందే మార్చాలి

బండిని చలికాలమంతా గరాజ్‌లో పెట్టేవాళ్లు ఇంజన్ ఆయిల్ చలి పోయాక, వసంతంలో మార్చుకుంటే చాలని ఎవరో రాశారు. నేను ఒప్పుకోను. వాడిన ఆయిల్‌లో తేమ, ఆమ్లాలు ఉంటాయి. మా మిషిగన్‌లో నవంబర్ నుంచి మార్చి దాకా అవి బేరింగులను పట్టుకునే ఉంటాయి. ఇక్కడి పెట్రోల్‌లో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అందుకే నిలవున్న పెట్రోల్ చెడిపోకుండా స్టెబిలైజర్ అనే మందు పోసి, ట్యాంకు నిండా కొట్టించి కాసేపు నడపాలి, లేకపోతే ఆ మందు ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా పోదు. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ సగం, నీళ్లు సగం కలిపితే మైనస్ 35 డిగ్రీల దాకా గడ్డకట్టే భయం లేదు. ఉత్త నీళ్లతో నెట్టుకొచ్చే మహానుభావులూ ఉన్నారు, ఇంజన్ పగిలాక తెలుస్తుంది! బ్రేక్ ఫ్లూయిడ్ టీ డికాక్షన్‌లా నల్లబడితే అదీ మార్చాల్సిందే. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం మాత్రం దయచేసి వద్దు, సైలెన్సర్‌లో నీరు చేరడం తప్ప ఒరిగేదేం లేదు.